కారు డబ్బ యాది పెట్టుకున్న మాట

ఆ పెద్దమనిషి మా దుకాణంలకు వచ్చినప్పుడు చేతిల తువ్వాల మూట ఒకటుండె. కోడిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతుల నడుమ పట్టుకున్నడు. నా బల్ల మీద జాగ చెయ్యుమని సైగ చేసి, మూట దించి, మెల్లగ విప్పిండు. అరచేతి కంటె కొంచెం పెద్దగున్న అల్యూమినియం డబ్బ. ఒక అంచుకు వరుసలు వరుసలుగ సన్నటి పిన్నులు.

"గిది ఫోన్ కాదు కదా కాకా," అన్న నేను.

"కాదు బిడ్డా. గిది కారు. కారంత గిండ్లనే ఉన్నదంటున్నరు."

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, బళ్లు లేవు, ఆఫీసులకు తాళాలు. రైళ్లు కూడ కొన్ని దినాలు ఆగినయ్. మానుకోటల స్టేషన్ దిక్కు పోయే రోడ్డు మీద మా సెల్‌ఫోన్ దుకాణం. షట్టర్ సగం ఎత్తి నడిపినం. ఉద్యమం నడిచిందే ఫోన్ల మీద. ఏ ఊరి కాడ రాస్తారోకో, ఏ చౌరస్తల వంటావార్పు, అన్నీ మెసేజీలల్లనే తిరిగేటివి. ధర్నాకు పోయినోళ్ల ఫోన్లు వానల తడిసి మా దగ్గరికే వచ్చేటివి.

దుకాణం ముందట మా ఆయన కూసుంటడు. ఎనుక పరద అవతల బల్ల నాది. రిపేరు చేసేది నేను. కొత్తగ వచ్చినోళ్లు పరద జరిపి, నన్ను చూసి, "అన్న లేడా?" అని అడిగేటోళ్లు. "అన్న ముందటున్నడు, చేసేది నేనే," అంటే కొంతమంది ఫోన్ ఇయ్యకుండనే మర్లి పోయేటోళ్లు. మాది గార్ల దగ్గర ఒక లంబాడ తండ. ఇంట్ల ఒక భాష, బడిల తెలుగు, వరంగల్ల పాలిటెక్నిక్‌ల ఇంగ్లీషు. మూడు భాషల నడుమ తిరుగుకుంట పెరిగినదాన్ని కాబట్టో ఏమో, ఒక మిషన్ ఇంకో మిషన్‌తోని ఏ భాషల మాట్లాడుకుంటదో తెలుసుకోవాల్నని నాకు మొదటి సంది ఆరాటం. ఎలక్ట్రానిక్స్ తీసుకున్నది కూడ అందుకే.

డబ్బ తెచ్చిన కాక జనగామల కార్ల మెకానిక్. హైదరాబాద్ రోడ్డు మీద రేకుల షెడ్డు. ముప్పై ఏండ్ల సంది జీపులు, అంబాసిడర్లు, ట్రాక్టర్లు, ఆయన చెయ్యి పడని బండి ఆ చుట్టుపక్కల లేదంటరు. ఆయన బిడ్డను మా గల్లీలనే ఇచ్చిండ్రు. నీళ్లల్ల పడ్డ ఆమె ఫోన్ నేను బాగ చేసిన. ఆమె చెప్తె నా పేరు మీద వచ్చిండు. బైకు మీద, పాలకుర్తి, తొర్రూరు మీదికెళ్లి.

"తొవ్వల మూడు చోట్ల ఆపిండ్రు," అన్నడు. "మూట విప్పి సూపిచ్చిన. ఒకడు బాంబా అని అడిగిండు. కాదురా నాయినా, కారు తలకాయ అని చెప్పిన. సమజ్ కాక పొమ్మన్నడు."

ఛాయ తాగుకుంట సంగతంత చెప్పిండు. జఫర్‌గఢ్‌ల ఒక పటేల్ కొత్తగ డీజిల్ కారు కొన్నడు. భూములున్న కుటుంబం, ఊర్ల మాట చెల్లేటోళ్లు. సమ్మె మొదలైనంక ఆ కారును ఉద్యమానికి ఇచ్చిండు. మైకు సెట్టు కట్టుకొని ఊరూరు తిరిగింది. ఒకదినం పటేలే దాంట్ల కూసోని పోతుంటె, ఊరి అవతల వాగు మీది చిన్న వంతెన కాడ నీళ్లు పారుతున్నయ్. నీళ్లల్ల నుంచి ఇవతలికి వచ్చినంక కారు ఆగింది. మళ్ల లేవలే. ట్రాక్టర్‌కు కట్టి జనగామల కాక షెడ్డుకు గుంజుకొచ్చిండ్రు.

"డ్రైవర్ నీళ్లల్ల జోరుగ తోలిండు, కంప్యూటర్లకు నీళ్లు పోయినయ్ అన్నడు పటేల్. ఆ దినమే ఆ పిల్లగాన్ని పనిల కెళ్లి తీసేసిండు. కొత్తగూడ దిక్కు తండ పిల్లగాడు. మంచి డ్రైవర్. నేను మెల్లగనే తోలిన అన్నడు, ఒక్కటే మాట. తాళంచెవి బానెట్ మీద పెట్టి పోయిండు."

"షోరూమోళ్లు ఏమన్నరు?"

"సమ్మె అయినంక రమ్మన్నరు. కొత్త డబ్బ హైదరాబాద్ నుంచి రావాల్నట. వచ్చినంక దానికి తాళంచెవిని నేర్పియ్యాల్నట. తాళంచెవికి నేర్పుడేందో, అది నేర్చుకునుడేందో నాకైతే తెల్వదు బిడ్డా. ఇంజిన్ విప్పమంటె కండ్లు మూసుకొని విప్పుత. గీ డబ్బ విప్పుడు మాత్రం నాకు రాదు. అందుకే పట్టుకొచ్చిన."

రెండు దినాలు నా దగ్గర పెట్టి పొమ్మన్న. ఆయన బిడ్డ ఇంట్ల ఉంటనన్నడు.

నేను అప్పటిదాంక కారు డబ్బను చూసింది లేదు. కార్లనే అంతగ ఎక్కింది లేదు. కాని పోవుకుంట కాక చెప్పిన ఒక ముచ్చట నాకు దారి చూపిచ్చింది. డబ్బకు పోయే ఫ్యూజు కొత్తది పెట్టంగనే కాలిపోతున్నదట. మూడు పెట్టి చూసిండు, మూడు పోయినయ్. అంటె లోపట ఎక్కడనో కరెంటు అడ్డదారి పట్టి నేలకు పోతున్నది. గది ఫోన్లల్ల దినాం చూసేదే. కరెంటు వచ్చే పిన్నుల కాడ మీటర్ పెట్టిన. కుయ్యిమన్నది. షార్ట్.

డబ్బ మూతకు జిగురు పట్టిచ్చి ఉండె. బ్లోవర్‌తోని వెచ్చ చేసి, పలుచటి పట్టీతోని చుట్టూ తిప్పుకుంట తెరిచిన. తెరువంగనే ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసిన. నీళ్లు పోయిన బోర్డు ఎట్లుంటదో నాకు కండ్లకు గట్టినట్టు తెలుసు. పచ్చటి చిలుము, తెల్లటి మరకలు, తడి గోడసొంటి వాసన. గిండ్ల ఏమీ లేదు. ఎండకాలం గచ్చు లెక్క పొడి పొడిగున్నది. లోపట ఒక్క చుక్క పడ్డ జాడ లేదు.

డ్రైవర్ ఎవలో నాకు తెల్వదు. తండ పిల్లగాడన్న మాట ఒక్కటే తెలుసు. కాని నాకప్పుడే మనసుల పడ్డది, నీళ్ల మాట నిజం కాదని.

కరెంటు లోపటికి వచ్చే వాకిట్ల ఒక నల్లటి పార్ట్ ఉన్నది. ఫోన్లల్ల చార్జింగ్ పెట్టే కాడ గసొంటిదే ఆవగింజంత ఉంటది. దాని పని కావలి. కరెంటు హద్దు దాటి వస్తె తన మీదికి గుంజుకొని లోపటోళ్లను కాపాడుతది. దెబ్బ పెద్దగైతె అదే సచ్చిపోతది. సచ్చిపోయి వాకిట్ల అడ్డం పడ్డదంటె ఇగ ఎవ్వర్నీ లోపటికి పోనియ్యదు. దాన్ని లేపి పక్కకు పెట్టి మళ్ల మీటర్ పెట్టిన. చప్పుడు లేదు. షార్ట్ పోయింది. మిగిలిన బోర్డంత బతికే ఉన్నది.

సంబురమైంది. వెంటనే ఒక పరేషాన్ కూడ మొదలైంది. కావలి పార్ట్ సచ్చిందంటె, ఎప్పుడో హద్దు దాటిన కరెంటు వచ్చిందన్నట్టు. కారుల అంత కరెంటు ఎక్కడ్నుంచొస్తది? కారంటె ఒక బ్యాటరీయే కదా.

పాలిటెక్నిక్‌ల నా పక్క బెంచీ మీద కూసున్న దోస్తు ఒకామె తర్వాత ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌ల కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీల పని చేస్తుండె. ఆమెకు ఫోన్ చేసిన. పార్ట్ మీది నంబర్లు చదివితె ఏ రకం పెట్టాల్నో చెప్పింది. పాత ఇన్వర్టర్ బోర్డుల అసొంటిదే దొరికింది. అతికిచ్చుకుంటనే మాట్లాడిన.

"కార్లకు సాఫ్ట్‌వేర్ అంటరు, అసలు ఏం రాస్తరే?"

ఆమె నవ్వింది. "ఏం రాయమో అడుగు. నువ్వు రేసు తొక్కినవనుకో. ఎనుకట కాలు కింది నుంచి ఇంజిన్ దాంక తీగ ఉండె, నువ్వు తొక్కితె అది గుంజేది. ఇప్పుడు తీగ లేదు. ఎంత తొక్కినవో ఒక సెన్సర్ డబ్బకు చెప్తది. ఎంత డీజిల్ పొయ్యాలె, ఏ ఘడియల పొయ్యాలె, డబ్బ చూసుకుంటది. నువ్వు తొక్కేది అర్జీ పెట్టుకున్నట్టు. మంజూరు చేసేది అది."

"నువ్వు రాసింది ఏ కారుల ఉన్నది?"

"నాకేం తెలుసు. అద్దం పైకి పోయేటప్పుడు నడుమ చెయ్యి అడ్డమొస్తె ఆగి కిందికి దిగాలె. గా ఒక్క ముచ్చటనే ఏడాది సంది రాస్తున్న. ఏ దేశంల ఏ బండ్లకు పోతదో నేను చూడలే. నా పక్కపొంటి కూసునేటోనికి బండి తోలుడు కూడ రాదు. బ్రేకులవి రాస్తడు."

నా మనసుల చానసేపు ఆ మాటే తిరిగింది. చెయ్యి నలగకుండ చూసే మాటను మా తండసొంటి తండల పుట్టినోళ్లు కూడ ఎక్కడనో ఒక అద్దాల మేడల కూసోని రాయొచ్చు. ఆ చెయ్యి ఎవలదో రాసినోళ్లకు ఎన్నటికీ తెల్వదు.

కరెంటు ఎక్కడ్నుంచి వచ్చి ఉంటదని అడిగిన. "చాన రకాలుంటయ్," అన్నది. "ఇంజిన్ నడుస్తుండంగ బ్యాటరీ తీగ ఊడినా గట్లయితది. ఊకె అనుకునుడెందుకు, డబ్బనే అడుగు. తేడా ఏదన్న కనపడ్డదంటె అది రాసి పెట్టుకుంటది. ఆ ఘడియల ఇంజిన్ ఎంత తిరుగుతున్నది, బండి ఎంత జోరుగ పోతున్నది, కరెంటు ఎంతున్నది, అన్నీ. డబ్బకు కరెంటు పోయినా ఆ రాత పోదు. చదివే మిషన్ నేను పంపిస్త."

రైళ్లు మళ్ల మొదలైన రెండో దినం, మానుకోటకు వచ్చే ఒకాయన చేతికిచ్చి పంపింది. టీవీ రిమోట్ కంటె కొంచెం లావు, చిన్న తెర, కింద నాలుగు గుండీలు, ఒక పొడుగు వైరు. దాన్ని స్కానర్ అంటరు. మా ఆయనకు దుకాణం అప్పజెప్పి, డబ్బా స్కానరూ సంచిల పెట్టుకొని, కాకతోని కలిసి జనగామ ప్యాసింజర్ ఎక్కిన. కాక తన బైకును అల్లుని ఇంటి కాడనే విడిచిపెట్టిండు. రైల్ల తొవ్వ పొడుగునా ఆ సంచి ఒడిల పెట్టుకొనే కూసున్నడు.

షెడ్డుల తెల్లటి కారు, దుమ్ము పట్టి, బానెట్ తెరిచి ఉండె. డబ్బను జాగల పెట్టి, పిన్నుల మీద సాకెట్ దిగేసి, కొత్త ఫ్యూజు పెట్టిండు కాక. ఈసారి ఫ్యూజు కాలలే. తాళం తిప్పిండు. ఒక్క సెల్ఫుకే లేచింది. ఆయన బయటికి వచ్చి ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టి కొద్దిసేపు గట్లనే నిలబడ్డడు. జరం దిగిన పిల్ల నొసలు చూసినట్టు.

మీటర్ల నడుమ పసుపుపచ్చ దీపం మాత్రం ఒకటి వెలుగుకుంటనే ఉన్నది. స్టీరింగ్ కింద స్కానర్ వైరు పెట్టే రంధ్రం చూపిచ్చిన.

"కొత్త కార్లల్ల గిది చాన బండ్లకు చూసిన," అన్నడు కాక. "ఎందుకున్నదో ఎవ్వర్నీ అడుగలే. నాకు పని లేనిదని ఊకున్న."

వైరు పెట్టి గుండీ ఒత్తిన. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు నడిచినయ్. ముందుగల ఒక నంబర్, దాని పక్కన దాని అర్థం. కరెంటు హద్దు దాటింది. ఇంకో గుండీ ఒత్తితె ఆ ఘడియ సంగతంత వచ్చింది. నేను ఒక్కొక్కటి తెలుగుల చదివి చెప్తున్న, కాక నా భుజం మీదికెళ్లి తొంగి చూస్తున్నడు.

"ఇంజిన్ వేడిగున్నది. మెల్లగ తిరుగుతున్నది, రేసు తొక్కలే. బండి వేగం సున్న."

"సున్న అంటె?"

"బండి నిలబడి ఉన్నది కాకా. ఇంజిన్ ఒక్కటే నడుస్తున్నది."

"నీళ్ల కాడ ఆగినప్పటిదా?"

"కాదు. నీళ్ల కాడ డబ్బ పురాగ బందైంది, అప్పుడు రాసే తెలివి దానికి లేదు. గిది అంతకు ముందటిది. బండి నిలబడి ఉండంగ కరెంటు ఒక్కపారి పైకి దుంకింది. కావలి పార్ట్‌కు అప్పుడే దెబ్బ తాకింది. తర్వాత కొన్ని దినాలో ఏమో కొనూపిరితోని నడిచి, నీళ్ల కాడికి పోయేసరికి సచ్చింది. ఇంజిన్ నడుస్తుండంగ బ్యాటరీ ఎవలన్న ముట్టుకున్నరా కాకా? తీగ ఏదన్న ఊడిందా?"

నేను తెలుసుకోవాల్నన్న ఆరాటంతోనే అడిగిన. ఎవల మీదనో వేలు పెడుతున్నానన్న సోయి నాకు లేదు. ఎనుకకు తిరిగి చూసిన. కాక పక్కకున్న పాత టైరు మీద కూసున్నడు. చేతుల ఉన్న గుడ్డతోని వేళ్లు తుడుచుకుంటున్నడు. తుడిచిన వేళ్లనే మళ్ల తుడుస్తున్నడు.

"నేనే ముట్టుకున్న," అన్నడు.

కొంచెం ఆగి చెప్పిండు. ఆ కారు వాగు కాడ ఆగిన దానికి రెండు దినాల ముందట జనగామల రోడ్డు మీద వంటావార్పు పెట్టిండ్రు. రోడ్డు నడుమ పొయ్యిలు, రాశులు పోసిన అన్నం, రెండు దిక్కులా తినేటోళ్ల బంతులు. పటేల్ కారు అక్కడనే నిలబడి మైకుకు కరెంటు ఇస్తున్నది. ఇంజిన్ పొద్దటి సంది నడుస్తనే ఉన్నది. మీటర్ల బ్యాటరీ దీపం మినుకు మినుకు అంటున్నదని డ్రైవర్ వచ్చి చెప్పిండు. కాక బంతిల కెళ్లి లేచి, చెయ్యి కడుక్కొని వచ్చిండు.

"బ్యాటరీని నింపే డైనమోను ముప్పై ఏండ్ల సంది నేను గట్లనే చూస్త బిడ్డా. ఇంజిన్ నడుస్తుండంగ బ్యాటరీ తీగ పీకుత. ఇంజిన్ ఆగలేదంటె డైనమో మంచిగున్నట్టు. మా ఉస్తాద్ నాకు గట్లనే నేర్పిండు, నేను ఎంతమందికో గట్లనే నేర్పిన. ఆ దినం కూడ పీకిన. ఇంజిన్ ఆగలే. మళ్ల బిగిచ్చి, మంచిగున్నది పో అని చెప్పి, పోయి తిన్న."

నేను తెర దిక్కు చూసిన. చేతిల స్కానర్ ఇంకా వెలుగుతున్నది. తెర కింద ఒక ప్రశ్న కనపడుతున్నది, ఈ రాత తుడువాల్నా అని.

"గదేం అడుగుతున్నది?" అన్నడు కాక.

"తుడువాల్నా అని."

"తుడిస్తె పోతదా?"

"పోతది. పసుపు దీపం కూడ పోతది. మళ్ల ఎవ్వలకు కనపడదు."

బయట రోడ్డు మీద ఎవలో నినాదాలు ఇచ్చుకుంట పోతున్నరు. అవి మెల్లగ దూరం పోయినయ్. నా బొటనవేలు గుండీ మీదనే ఉన్నది. ఒత్తుమంటె నేను ఒత్తేదాన్నే అనుకుంట. ఆయన నాయిన ఈడు మనిషి. నన్ను నమ్మి వచ్చిండు. నీళ్ల మీద పెట్టిన నేరం నీళ్లతోని పోనీ అనుకునేదాన్నేమో.

"పటేల్ వచ్చేదాంక ఉండనియ్యి," అన్నడు కాక. "ఆయనకు సూపియ్యాలె."

పటేల్ పగటేళ వచ్చిండు. తెల్ల లాల్చి, మెడల గులాబి కండువ. ఇంజిన్ చప్పుడు వినంగనే మొకం వెలిగింది. బానెట్ చుట్టూ తిరిగి వచ్చి, "గీ అమ్మాయి ఎవలు?" అని అడిగిండు.

"డబ్బ బాగ చేసింది గీ బిడ్డనే. మానుకోట నుంచి వచ్చింది."

"ఏ ఊరమ్మా మీది?"

"గార్ల దగ్గర తండ," అన్న.

ఆయన తల ఊపిండు. నన్ను ఇంకొకపారి చూసిండు. అప్పుడు కాక స్కానర్‌ను నా చేతిల నుంచి తీసుకొని ఆయన ముందట పట్టిండు. ఇంగ్లీషు ఆయనకు చదువొచ్చు. చదివిండు. కాక సంగతంత చెప్పిండు, నాకు చెప్పినట్టే, ఒక్క మాట తక్కువ చెయ్యకుండ. డబ్బ లోపట తడి లేదన్న మాట నేను చెప్పిన.

పటేల్ ఆ తెరను ఇంకొకపారి చదివిండు. "మిషన్ కదా," అన్నడు. "తప్పు చెప్పొచ్చు కదా. నువ్వెందుకు మీదేసుకుంటవ్. ఎప్పటి మనిషివి నువ్వు."

"మిషన్ తప్పు చెప్పొచ్చు పటేలా. నేను చెప్తున్న కదా."

పటేల్ కండువ సదురుకున్నడు. కోపం చేస్తడనుకున్న, చెయ్యలే. కాని ఆయన మొకంల ఇంజిన్ లేచిన సంబురం పోయింది. "ఆ పిల్లగాడు యాడున్నడో?" అన్నడు.

"భూపాలపల్లిల. బొగ్గు లారీ మీద కుదిరిండట."

"రమ్మని చెప్పు. మళ్ల బండి మీదికి రమ్మను."

"రమ్మని కబురు పంపేది కాదు పటేలా. పోయి చెప్పాలె."

పటేల్ తాళంచెవి తీసుకున్నడు. "మీరు పోతె నా మాటగ కూడ చెప్పుండ్రి," అని కారు తీసుకొని తనే తోలుకుంట పోయిండు. పోయే ముందట పసుపు దీపం నేను తుడిచిన. తుడువుమని పటేలే అన్నడు.

ఆ తర్వాత సమ్మె ఆగింది, బస్సులు తిరిగినయ్. కాక వారంల ఒకపారి మానుకోటకు రాబట్టిండు. బిడ్డను చూడనీకి అనేటోడు, కాని బల్ల ముందట కూసునేదే ఎక్కువ. తనకంటూ ఒక స్కానర్ తెప్పిచ్చుకున్నడు. ఇంగ్లీషు రాదు కాబట్టి, ఏ నంబర్ వస్తె ఏం అర్థమో నేను ఒక నోట్‌బుక్కుల తెలుగుల రాసిచ్చిన. ఫలానా నంబర్, గాలి కొలిచే సెన్సర్. ఫలానా నంబర్, రేసు పెడలు. ఆయన దాన్ని ప్లాస్టిక్ కవర్ల పెట్టుకొని పెద్ద బాలశిక్ష లెక్క వల్లెవేసేటోడు. అడిగే ప్రశ్నలకు అంతు ఉండకపోయేది. డబ్బకు చలి పెడతదా? రెండు డబ్బలు కొట్లాడితె ఎవల మాట చెల్లుతది? తాళంచెవి ఏం మాట్లాడితె కారు నమ్ముతది? సగం ప్రశ్నలు నేను హైదరాబాద్ దోస్తును అడిగి చెప్పేదాన్ని. సగం ఆమెకు కూడ తెల్వకపోయేది. ఆమె తన ఆఫీసుల వేరే వాళ్లను అడిగి చెప్పేది.

భూపాలపల్లికి చలికాలంల పోయినం. వరంగల్ల బస్సు మారి, పరకాల మీదికెళ్లి. నన్ను రమ్మని కాక అడుగలే. నేనే వస్తనన్న. తడి లేని డబ్బను మొదలు చూసింది నేను, ఆ మనిషిని కూడ చూడాల్ననిపిచ్చింది.

లారీలు ఆగే జాగల నేలంత నల్లగున్నది. అడుగుకుంట పోతె ఒక లారీ నీడకు ఒకాయన గిన్నె ముందట పెట్టుకొని తింటున్నడు. ముప్పైకి లోపట వయసు. కాకను చూసి, తినుడు ఆపి లేచి నిలబడ్డడు. నేను మా భాషల పలకరిచ్చిన. ఏ తండ, ఎవల బిడ్డవు అని ఆయన అడిగిండు, చెప్పిన. మొకం కొంచెం మెత్తబడ్డది.

కాక నిలబడే చెప్పిండు. "తప్పు నాది. నీళ్లు కాదు. ఆ దినం రోడ్డు మీద నేను బ్యాటరీ తీగ పీకిన కదా, దాంతోని పోయింది. పటేల్‌కు కూడ చెప్పిన."

ఆ డ్రైవర్ నేల దిక్కు చూసిండు. "నాకు తెలుసు కాకా," అన్నడు.

కాక తల ఎత్తి ఆయన దిక్కు చూసిండు.

"నువ్వు తీగ పీకినప్పుడు మీటర్ల దీపాలన్నీ ఒక్కపారి భగ్గుమన్నయ్. మైకు టప్పుమన్నది. నేను స్టీరింగ్ కాడనే ఉన్న కదా. అప్పుడే ఏదో అయిందనుకున్న."

"మరెందుకు చెప్పలేవు?"

"ఎవలకు చెప్పాలె? నువ్వు మేస్త్రివి. మంచిగున్నదని చెప్పినవ్. నేను డ్రైవర్ని. దీపాలు భగ్గుమన్నయంటె ఎవలు ఇంటరు?" ఆ మాటల కోపం లేదు. ఎప్పుడో సల్లారిన ముచ్చట చెప్పినట్టు చెప్పిండు. కాక ఆయన చెయ్యి పట్టుకున్నడు. ఎంగిలి చెయ్యి అని డ్రైవర్ గుంజుకోబోయిండు, కాక విడువలే.

పటేల్ రమ్మన్న మాట కూడ చెప్పినం. ఆయన కొంచెం నవ్విండు. "వద్దు కాకా. లారీ బాగున్నది. ఎనుక ఎవలూ కూసోరు."

చెయ్యి కడుక్కొని వచ్చి, నా దిక్కు తిరిగి, "అక్కా, దీపాలెందుకు భగ్గుమన్నయ్?" అని అడిగిండు.

"బ్యాటరీ కుంటసొంటిది, డైనమో వాగుసొంటిది," అన్న. "కుంట ఉన్నంతసేపు వాగు ఎంత వచ్చినా దాంట్ల కలుస్తది. ఒక్కపారి కుంటను తీసేస్తె వాగంత దీపాలు, డబ్బ అనే ఇండ్ల మీద పడ్తది."

"మరి పాత జీపులల్ల ఏమీ కాకపోయేది కదా?" అన్నడు కాక. అన్ని వారాల సంది ఆ ప్రశ్న ఆయన లోపటనే ఉన్నట్టున్నది.

"మునిగేటందుకు వాటిల్ల ఇండ్లు యాడున్నయ్ కాకా. రెండు బల్బులే కదా."

డ్రైవర్ తన లారీ బానెట్ లేపి చూపిచ్చిండు. పాత బండి. నూనె, బొగ్గు కలిసిన మందపాటి మురికి. నేను వంగి అటు ఇటు చూసిన. "గిండ్ల డబ్బ యాడున్నది?" అని అడిగిన.

ఇద్దరూ ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. "లేదు బిడ్డా," అన్నడు కాక.

"మరి డీజిల్ ఎంత పొయ్యాల్నో ఎవలు చెప్తరు?"

అప్పుడు కాక చొక్కా చేతులు పైకి మలుచుకున్నడు. ఇంజిన్ పక్కకున్న పంపు చూపిచ్చిండు. దాని లోపట రెండు ఇనుప గుండ్లు తిరుగుతయట. ఇంజిన్ జోరైతె గుండ్లు బయటికి జరిగి డీజిల్ తగ్గిస్తయ్. మెల్లగైతె స్ప్రింగు వాటిని లోపటికి నూకి డీజిల్ పెంచుతది. రెండు చేతులను గుండ్ల లెక్క తిప్పుకుంట చూపిచ్చిండు. ఇనుముతోని కూడ ఆలోచన చేయిచ్చొచ్చని నాకు అప్పటిదాంక తెల్వదు. ఇన్నేండ్లు డబ్బలు, బోర్డులు విప్పినదాన్ని, అవి చెప్పిన మాట వినే ఇంజిన్‌ను ఒక్కనాడు చూడలే.

డ్రైవర్ లారీ స్టార్ట్ చేసిండు. కాక ఒక పొడుగు స్క్రూడ్రైవర్ కొసను ఇంజిన్‌కు ఆనిచ్చి, పిడిని నా చెవి దగ్గరికి తెచ్చిండు. బయటి మోత పోయి, లోపటి చప్పుడు దగ్గరికొచ్చింది. టిక్కు టిక్కుమని, ఒకటి తర్వాత ఒకటి.

"లెక్కపెట్టు," అన్నడు కాక. "ఆరు సిలిండర్లు, ఆరు చప్పుళ్లు వినపడాలె. ఒకటి తప్పుతున్నది. ఏదో చెప్పు."

నాకు వినపడలే. జాగ మార్చి మార్చి పెట్టిండు. నాలుగోదాని కాడ నిజంగనే చప్పుడు మెత్తగున్నది. చెప్పిన. డ్రైవర్ క్యాబిన్ల నుంచి తల బయటికి పెట్టి, నెల దినాల సంది గట్లనే ఉన్నదని అన్నడు. అప్పటికి ఎనుక లారీ హారన్ కొట్టింది, లోడింగ్‌కు ఆయన వంతు వచ్చింది. మేము పక్కకు జరిగినం. ఆయన చెయ్యి ఊపి పోయిండు.

నా చెవి నల్లగైందని బస్సెక్కినంక కండక్టర్ చెప్పిండు.